పులివెందుల మూలలో పెంచలమ్మ అంచు

పెన్న పొంగి జమ్మలమడుగు వంతెన మీద రాకపోకలు ఆపేసిన ఏటికి అది నాలుగో ఏడు. దసరా దాటిన వారం.

ప్రొద్దుటూరులో మగ్గాల వీధి చివరనున్న మక్బూల్ ఇంట్లో ఆదివారం నుంచి గొడవ నడుస్తోంది. గొడవంటే అరుపులు కావు, గిన్నెలు విసురుకోవడాలు కావు. మక్బూల్ అలిగాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్లు పసిగట్టేసరికి మంగళవారం వచ్చింది.

"మాట్లాడే మనిషైతే నోరు మూసుకున్న రోజు అలిగినాడని తెలుస్తాది," అంది అతని భార్య దిల్షాద్‌బీ, కోడలితో. "ఈయన అలిగిందీ అలగందీ ఎట్ల కనుక్కునేది? పొద్దున చాయ్ సగం గ్లాసులోనే వదిలిపెట్టినాడు. అప్పుడు తెలిసింది నాకు."

కోడలు ఆర్షియా నవ్వలేదు. తప్పు తనదేనని ఆమెకు అనుమానం. ఏం తప్పో మాత్రం అంతు చిక్కలేదు.

చీరల అంచులకు అట్టలు కొట్టడం ఆ ఇంటి పని. గ్రాఫు కాగితం మీద గీసిన డిజైను కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. అది చెప్పినట్టు పక్కనున్న మిషను అట్టలకు చిల్లులు వేస్తుంది. ఆ అట్టలను దారంతో గొలుసులా కుట్టి జకార్డు మగ్గం పైన వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో మగ్గానికి అవే చెబుతాయి. మక్బూల్ ముప్పై ఏళ్లు ఆ చిల్లులు చేత్తోనే కొట్టాడు. తర్వాత పదిహేనేళ్లుగా మిషను. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లిషు అక్షరం రాదు. అయినా మౌసు చేతికొస్తే నూటనలభై ఆరు డిజైన్లలో కావలసినది ఒక్క నొక్కుతో తెరిచేవాడు.

ఇప్పుడు ఆ కంప్యూటర్‌లో విండోస్ మార్చాలి. పాతదానికి ఇక అప్‌డేట్లు రావని, పంచింగ్ మిషను కొత్త ప్రోగ్రాం కొత్త విండోస్ మీద తప్ప నడవదని, పులివెందులలో కంప్యూటర్లు బాగుచేసే సుధీర్ ఫోన్ చేసి చెప్పాడు. శుక్రవారం తనే వస్తానన్నాడు. ఈలోగా డిజైన్లన్నీ బయటి డ్రైవ్‌లోకి ఎక్కించి, ఏది ఎవరిదో పేర్లు పెట్టి ఉంచాలట. వచ్చాక పాత డిస్కు మొత్తం తుడిచేస్తాడట.

ఆర్షియా డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. ఆ పని తానే నెత్తికెత్తుకుంది. ఆదివారం మామ అట్టలు కొనడానికి బజారుకు పోయినప్పుడు తెర చూసి నివ్వెరపోయింది. తెర నిండా ఫోల్డర్లే. ఒకచోట గుంపుగా, ఒకచోట ఒంటిగా, మధ్యలో వంకరగా ఒక ఖాళీ. అన్నిటికీ ఒకటే పేరు, న్యూ ఫోల్డర్. పక్కన అంకె మాత్రం వేరు. ఆమె అంకెల ప్రకారం అన్నిటినీ వరసగా నిలబెట్టింది. తెర అద్దంలా అయింది. మామ చూసి మెచ్చుకుంటాడనుకుంది.

మక్బూల్ వచ్చాడు, చూశాడు, కుర్చీలో కూర్చున్నాడు. మౌసు పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు. తర్వాత చెయ్యి తీసేసి లేచి మిద్దె ఎక్కాడు. ఆ పొద్దు నుంచి అట్టలకు దారం కుట్టుకోవడమే తప్ప కంప్యూటర్ గదిలో అడుగుపెట్టలేదు.

కొడుకు నాసిర్‌కు విసుగొచ్చింది. ముసలితనంలో కొత్తదంటే భయమని, చేతిసుత్తి వదిలి మిషను కొన్న రోజున కూడా నాయన వారం రోజులు ఇట్లాగే ఉన్నాడని తల్లి దగ్గర సణిగాడు. తండ్రి ముందు మాత్రం ఒక్క మాటే అన్నాడు.

"నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా శుక్రవారం ఇది మారుతాది నాయనా."

మక్బూల్ సూదిలో దారం ఎక్కించుకున్నాడు. మారితే మారనీ అని అతనికీ ఉంది. విండోస్ సంగతి అతనికి పట్టలేదు. తనకు కళ్లు పోయినట్టయిందని వీళ్లకు ఎట్లా చెప్పాలన్నదే పట్టుకుంది. చెప్పాలంటే ఇన్నేళ్లూ పేర్లు చదవకుండానే నెట్టుకొచ్చానని కోడలి ముందు ఒప్పుకోవాలి.

బుధవారం పొద్దున్నే జమ్మలమడుగు నుంచి పెంచలమ్మ దిగింది.

ఆమె మక్బూల్ దగ్గర ముప్పై ఏళ్లుగా అట్టలు కొట్టించుకుంటున్న నేతకత్తె. చేతిలో గుడ్డమూట. విప్పితే అందులో ఆరు అట్టలు, అంచులు తురిమినట్టున్నాయి. ఎలుకలు కొరికాయట. మగ్గం మీద చీర సగంలో ఆగి రెండు రోజులైందట. వచ్చిన బస్సులో అరగంట నిలబడ్డానని, కాళ్లు లాగేస్తున్నాయని చెబుతూ, ఎవరూ అడక్కముందే చాప మీద చతికిలబడింది.

ఆమె అంచు సంగతి వీధిలో అందరికీ తెలుసు. మామిడి పిందె అంచు. ఆమె భర్త గీసింది. ఆయన పోయి పదేళ్లయింది. సొంత చెల్లెలు అడిగినా పెంచలమ్మ ఆ అంచు ఇవ్వలేదు.

నాసిర్ ఉత్సాహంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మామిడి పిందెలు ముప్పైకి పైనే ఉన్నాయి. నాలుగు తెరిచాడు, అయిదోది అదేననిపించింది. పది నిమిషాల్లో ఆరు అట్టలు కొట్టి ఆమె చేతిలో పెట్టాడు.

పెంచలమ్మ ఒక అట్టను వాకిలి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. బొటనవేలితో చిల్లుల వెంట మెల్లగా నడిచింది.

"ఇది నాది కాదు నాయనా. నా పిందెకు తోక ఎడమకు తిరుగుతాది. ఇది కుడికి పోతాండాది. ఎవరి పిల్లనో తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టినావు."

ఆరు అట్టలే కదా, చీర మొత్తంలో జానెడు కూడా రాదు, ఎవరు చూస్తారు పెద్దమ్మా అని నాసిర్ సర్దిచెప్పబోయాడు.

గడపలో నిలబడిన మక్బూల్ లోపలికి వచ్చాడు. ఆమె చేతిలోంచి ఆరు అట్టలూ తీసుకున్నాడు. ఒక్కొక్కటే అడ్డంగా విరిచి పొయ్యి కట్టెల బుట్టలో వేశాడు.

ఆ ఇంట్లో గోడకు రాసి పెట్టిన నియమాలేవీ లేవు. ఉన్నది ఒక్కటే, అదీ నోటితో చెప్పింది కాదు. ఒకరి అంచు ఇంకొకరి మగ్గం ఎక్కకూడదు. అంచు చూసి ఇది ఫలానా ఇంటి చీర అని సంతలో గుర్తుపట్టాలి. అదొక్కటే నేసేవాళ్ల ఆస్తి. నలభై అయిదేళ్లలో ఆ మాట తప్పలేదన్నదే మక్బూల్ ఆస్తి.

 అప్పుడు మక్బూల్ తెర దగ్గరికి పోయి పై భాగాన ఒకచోట వేలు పెట్టాడు.

"పెంచలమ్మది ఈడ ఉండేది."

ఆర్షియా ముందుకు వంగింది. "ఈడ అంటే ఏంది మామా?"

"జమ్మలమడుగు ఈడ కదా."

ఆర్షియా ఆ వేలినీ, తెరనూ, మామ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. చిన్నగా అడిగింది.

"ముద్దనూరు?"

వేలు తిన్నగా కిందికి దిగింది.

"వేంపల్లె?"

ఇంకా కిందికి.

"పులివెందుల?"

ఎడమవైపు కింది మూల.

"మరి మనం?"

కుడి అంచుకు దగ్గరగా ఆగింది వేలు.

"పెన్న యాడ పారుతాది మామా?"

మూడు రోజుల తర్వాత మక్బూల్ పెదవి కొస కొంచెం కదిలింది. ఎడమవైపు పైనుంచి మొదలుపెట్టి, జమ్మలమడుగును ఒరుసుకుంటూ, ప్రొద్దుటూరు పక్కగా వేలితో వంకర గీత లాగాడు. ఆదివారం ఆర్షియా చూసిన వంకర ఖాళీ సరిగ్గా అక్కడే ఉండేది.

ఆమె కుర్చీలో కూలబడింది. ఒకప్పుడు సైకిలు మీద ఊరూరా తిరిగి డిజైన్లు తెచ్చుకున్న మనిషి, ఏ వీధి మనిషి డిజైను ఆ వీధిలోనే పెట్టుకున్నాడు. చక్కబెట్టానని మురిసిపోతూ తాను పదూళ్ల నేతగాళ్లను ఇళ్లలోంచి లేపి వరసలో నిలబెట్టింది.

"చెప్పి ఉంటే ముట్టుకోకపోదును కదా మామా," అంది. 

"నువ్వు అడగల్యా," అన్నాడు మక్బూల్. తర్వాత అది అన్యాయమనిపించిందేమో, "నేనూ చెప్పల్యా," అన్నాడు.

పెంచలమ్మకు ఇదంతా వేడుకగా ఉంది. "అయితే నన్ను కూడా ఈ డబ్బాలో కాపరం పెట్టినావన్నమాట. మా పాప కాన్పుకు ఆరు నెలలు పులివెందులలో ఉంటి కదన్నా, అప్పుడేం చేసినావు?"

"ఆడికే మార్చినా."

"మళ్లీ వచ్చినాక?"

"మళ్లీ ఈడికి తెచ్చినా."

పెంచలమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. దిల్షాద్‌బీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాసిర్ కూడా నవ్వాడు. అట్టలు రేపు తెచ్చిస్తానని మక్బూల్ మాటిచ్చాడు. ఆమె అక్కడే అన్నం తిని, రాగిముద్ద ఇంకొంచెం మెత్తగా ఉండాల్సిందని దిల్షాద్‌బీకి చెప్పి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది.

ఆమె అటు పోగానే ఆర్షియా పెద్ద గ్రాఫు కాగితం తిరగేసి నేల మీద పరిచింది. నీలం పెన్నుతో పెన్న గీసింది.

"సైకిలెక్కు మామా. యాడికి పోతాం ముందు?"

కొత్త విండోస్‌లో తెర మీద చోట్లు మిగలవు, పేర్లే మిగులుతాయి. కాబట్టి చోటును పేరుగా మార్చాలి, అంతే పని. మక్బూల్ కళ్లు మూసుకున్నాడు. ప్రొద్దుటూరు దాటాడు. ఏ మలుపులో ఏ ఇల్లో, ఆ ఇంట్లో ఎన్ని మగ్గాలో, ఎవరి అంచులో నెమలి ఉందో, ఎవరి నెమలికి ఎన్ని ఈకలో చెప్పుకుంటూ పోయాడు. ఆర్షియా ఒక్కొక్క ఫోల్డరు తెరిచి చూపితే తల ఊపాడు, లేదా అడ్డంగా తిప్పాడు. ఆమె ఊరు, మనిషి, అంచు, మూడు మాటల్లో తెలుగులో పేరు కొట్టింది. కాగితం మీద చుక్క పెట్టింది.

గండికోట దగ్గర గోవిందమ్మ అనే ముసలామె కోట రాళ్ల వరస చూసి అంచు గీయించుకున్న కథ వచ్చింది. ముద్దనూరు స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఒక రుద్రాక్ష అంచు గీసిన కథ వచ్చింది. వేంపల్లెలో కుక్క తరిమితే డిజైన్ల చుట్ట వదిలేసి పరుగెత్తిన కథ కూడా వచ్చింది.

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న దిల్షాద్‌బీ చెయ్యి ఆగిపోయింది.

"ఇన్ని మాటలు కడుపులో పెట్టుకుని, కూరలో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని కూడా ఎప్పుడూ చెప్పకపోతివి కదయ్యా."

"సరిపోతాది ఎప్పుడూ," అన్నాడు మక్బూల్. ఆమె మళ్లీ గింజల్లో తల దూర్చింది. మొహం మాత్రం దాచుకోలేకపోయింది.

పొద్దు వాలేసరికి నూటనలభై దాకా పేర్లు కుదిరాయి. పెంచలమ్మ అంచు దొరికింది. తోక ఎడమకే తిరిగింది. మక్బూల్ మూడు రోజుల తర్వాత తానే మిషను నడిపి ఆరు అట్టలు కొట్టి, వెలుతురుకు పట్టి చూసి, గుడ్డసంచిలో పెట్టి ముడి వేశాడు. ఇల్లంతా తేలికైంది. నాసిర్ బజారు నుంచి వేడి వేడి మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చాడు.

మిగిలిన ఆరింటిలో ఒకటి తెరిచిన ఆర్షియా, బజ్జీ అందుకోబోయి ఆగింది.

"మామా, ఇది పెంచలమ్మదే."

"ఆమెది అయిపాయ కదా."

"ఇంకోటి ఉండాది. పేరు చివర ఇంగ్లిషులో కాపీ అని రాసుండాది."

రెండూ పక్కపక్కన పెట్టి చూపింది. పిందె అదే, తోక అదే. ఒక్క చిల్లు తేడా లేదు. పాతదాన్ని మౌసుతో లాగేటప్పుడు కీబోర్డు మూలనున్న మీట నొక్కుకుపోతే అది చోటు మారదని, అక్కడొకటి ఉండిపోయి ఇక్కడొకటి పుడుతుందని వివరించింది. ఆ మీట మీదనే మక్బూల్ కళ్లజోడు పెట్టె పెట్టుకుంటాడని ఇంట్లో అందరికీ తెలుసు. 

మక్బూల్‌కు లెక్క తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. పెంచలమ్మను పులివెందుల నుంచి జమ్మలమడుగుకు తెచ్చాననుకున్నాడు. ఆమె ఇక్కడికి వచ్చింది, అక్కడా ఉండిపోయింది. పులివెందులలో ఆమెను పెట్టింది ఆ ఊరి నేతగాడు నారాయణ పక్కన.

"నారాయణది తీయమ్మా," అన్నాడు.

నారాయణది కూడా మామిడి పిందెనే. తోక కుడికి. పొద్దున నాసిర్ కొట్టింది, తాను విరిచి పొయ్యిబుట్టలో వేసింది అదే.

రెండేళ్ల కిందట నారాయణ ఫోన్ చేసి, అట్టలు అరిగిపోయాయి మామా, నా మామిడి పిందె మళ్లీ కొట్టి పంపు అన్నాడు. మక్బూల్ పులివెందుల మూలకు పోయాడు. అక్కడ మామిడి పిందె కనబడింది. తెరిచాడు, కొట్టాడు, పంపాడు. తోక ఎటు తిరిగిందో కంటికి కనబడే ఉంటుంది. కంటిని నమ్మలేదు, చోటును నమ్మాడు. నెల తర్వాత నారాయణ మళ్లీ ఫోన్ చేసి, ఈసారి అంచుకు ఏం మార్పు చేసినావో గాని బలె కళ వచ్చింది మామా అన్నాడు. ఆ మెప్పును మక్బూల్ రెండేళ్లుగా అప్పుడప్పుడూ తీసి చూసుకుంటూనే ఉన్నాడు.

అది ఎవరి చేతి కళో ఇప్పుడు తెలిసింది.

నాసిర్ గొంతు తగ్గించి మాట్లాడాడు. వాడు చెడ్డవాడు కాదు. ఈ సంగతి పెంచలమ్మకు తెలిస్తే జమ్మలమడుగులో వీధి వీధంతా తమ డిజైన్లు వెనక్కి ఇచ్చేయమంటారని, కొత్త మిషను ప్రోగ్రాం ఎవరి కోసం వేయించుకుంటున్నామో చూసుకోవాలని అన్నాడు.

"శుక్రవారం డిస్కు తుడిచేస్తారు. దీన్ని డ్రైవ్‌లోకి ఎక్కించకుంటే దాంతోపాటే పోతాది. నారాయణకు ఆయన పాత అంచే కొట్టి పంపిద్దాం. అడిగితే మిషను మారింది అందాం. అంతే కదా నాయనా."

"అంతేనా?" అంది ఆర్షియా.

"నువ్వుండు. సర్దడం నీతోనే కదా మొదలైంది."

"నేను సర్దకపోతే ఇంకో పదేండ్లు ఆమె అంచు ఆయప్ప నేస్తానే ఉంటాడు."

 దిల్షాద్‌బీ మొగుడి వైపు తిరిగి ఏమంటావని అడిగింది. మక్బూల్ ఏమీ అనలేదు. ఈ ఫోల్డరుకు ఏం పేరు పెట్టమంటావని ఆర్షియా అడిగింది. దానికీ ఏమీ అనలేదు. కాళ్లూ చేతులూ కడుక్కుని అన్నానికి కూర్చుని, ఎన్నడూ లేనిది ఇంకొంచెం పెట్టించుకుని తిన్నాడు. అలక పోయిందని దిల్షాద్‌బీ సంతోషపడింది. తన మాట విన్నాడని నాసిర్ నిమ్మళించాడు. ఆర్షియా ఆ ఒక్క ఫోల్డరును పేరు లేకుండానే వదిలి కంప్యూటర్ ఆపేసింది.

మరునాడు పొద్దున మక్బూల్ గుడ్డసంచి తీసుకుని జమ్మలమడుగుకు మొదటి బస్సెక్కాడు. దారి పొడుగునా పెదవులు కదులుతూనే ఉన్నాయి. పక్క సీటాయన దువా చదువుకుంటున్నాడనుకుని జరిగి చోటిచ్చాడు.

పెంచలమ్మ గడపలోనే ఎదురొచ్చింది. ఇంత పొద్దున్నే వస్తివే అన్నా అంటూ సంచి కోసం చెయ్యి చాపింది. మక్బూల్ సంచి ఇవ్వలేదు. అట్టలు ముందు చేతిలో పడితే ఆమె మొహమాటపడుతుందని, అనాల్సిన మాట అనలేకపోతుందని బస్సులోనే అనుకున్నాడు.

"చెల్లెలా, నీ అంచు రెండేండ్లుగా పులివెందులలో నేస్తాండారు. ఇచ్చింది నేను."

దారిలో ఇంకో నాలుగు మాటలు పోగుచేసుకున్నాడు గాని అవి బయటికి రాలేదు. ముడి విప్పని సంచి పొట్టకు ఆనించుకుని, ఆమె ఏమంటుందోనని గడప అవతలే నిలబడ్డాడు.